మళ్ళీ షాపుకొచ్చాడా లేదా? నాయకులకు సేల్స్ మేనేజర్ పరీక్ష: శనివారం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నెల్లూరు, ప్రకాశం జిల్లాల శ్రోతలందరికీ నమస్కారం. ఈ వారం అంశం కాస్త సరదాగా ఉంటుంది. మన రాజకీయ నాయకులు సేల్స్ మేనేజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకొస్తే ఎవరు పాసవుతారు, ఎవరు తప్పుతారు? సబ్బులు, నూనెలు, చివర్లో రొయ్యల మేత అమ్మి, ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత రిటైరైన సేల్స్ మేనేజర్ గారు మార్కులు వేస్తారు. నమస్కారం సార్.

అతిథి: నమస్కారమమ్మా. ముందే చెప్పేస్తాను, పార్టీలకు మార్కులు వెయ్యను. అమ్మకానికి వేస్తాను. నేను చూసేది రెండే. ఆర్డర్ రాశాక వసూలు చేశాడా? మళ్ళీ అదే షాపు మెట్టు తలెత్తుకుని ఎక్కగలిగాడా? ఆర్డర్ వేరు, వసూలు వేరు. ఈ మాట ఇవాళ పదిసార్లు అంటాను, విసుక్కోవద్దు.

వ్యాఖ్యాత: మొదటి కాల్ ఒంగోలు నుంచి. చెప్పండి.

శ్రోత (ఒంగోలు): సార్, నేను మెడికల్ రెప్‌ని. ఇవాళ 27వ తేదీ, టార్గెట్ సగం కూడా దాటలేదు. మా మేనేజర్ పొద్దున్నుంచి ఏడు సార్లు ఫోన్ చేశాడు. బాస్‌గా మన జిల్లా నాయకుణ్ణి ఎవరినైనా తెచ్చుకోమంటే ఎవర్ని తెచ్చుకోమంటారు?

అతిథి: ప్రకాశం పంతుల్ని. వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు ఎదురుపోయి రొమ్ము చూపించాడు. వెనకుండి ‘మీరు పోండి, నేను ఫోన్లో ఉంటా’ అనే రకం కాదు. డీలరు అరుస్తున్న రోజున కుర్రాడికి ముందు నిలబడే మేనేజర్ దొరకడం ఎంత అదృష్టమో నీకు తెలుసు కదా తమ్ముడూ.

శ్రోత (ఒంగోలు): పదికి పదేనా సార్?

అతిథి: ధైర్యానికి పదికి పది. నెలాఖరు లెక్కకు నాలుగు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. ఏడాది తిరిగేసరికి, 1954 నవంబరులో, మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటు! మేనేజరన్నవాడు ముందురోజు రాత్రే స్టాకిస్టుల, అంటే సరుకు నిల్వ పెట్టే టోకు వ్యాపారుల, పేర్లన్నీ చీటీ మీద రాసుకుని, ఎవడు చెక్కిస్తాడు, ఎవడు ఊళ్ళో లేనని కబురంపిస్తాడు, తెలుసుకుని పడుకోవాలి.

శ్రోత (ఒంగోలు): మరి నా టార్గెట్ సంగతి...

అతిథి: ఉన్న మూడు రోజులూ పాత డాక్టర్ల దగ్గరికే పో. కొత్త తలుపులు తట్టే టైం కాదిది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాత కందుకూరు.

శ్రోత (కందుకూరు): అలో... అలో... వినపడతా ఉండానా?

వ్యాఖ్యాత: వినపడుతున్నారండీ. రేడియో సౌండ్ తగ్గించి మాట్లాడండి.

శ్రోత (కందుకూరు): ఒరేయ్, ఆ రేడియో కట్టేయ్‌రా. ఆఁ. అయ్యా, నాకు డెబ్బై నాలుగు. నలభై ఏళ్లు చిల్లరంగడి నడిపినోణ్ణి. మీ సేల్సు వాళ్ళను ఎంతమందిని చూసుంటానో లెక్కలేదు. కొంతమందైతే సంచి కింద పెట్టకముందే ‘పెద్దాయనా, ఎన్ని డజన్లు రాయమంటావు’ అంటారు. పోయిన నెల సరుకు కదిలిందా, పురుగు పట్టిందా, అది అడగరు. నేనడిగేది అది కాదులే. ఎన్టీ రామారావు గారి సంగతి. ఆయన సేల్స్ మేనేజరా, సరుకా?

అతిథి: మంచి ప్రశ్న పెద్దాయనా. చూడండి, 1982 మార్చి 29న పార్టీ పెట్టాడు, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి. తొమ్మిది నెలలు. నేను ఒక కొత్త సబ్బును...

శ్రోత (కందుకూరు): అది కాదయ్యా, ఇనండి. ఆ చైతన్యరథం మా దోవన పోతదని చెప్పినారు. సాయంత్రం ఆరన్నారు. మా నాయన, నేను, పక్కంగడోళ్ళు అందరం రోడ్డు మీదే. తొమ్మిదయింది, పన్నెండయింది. ఆడోళ్ళు పిల్లకాయల్ని ఒళ్ళో పండుకోబెట్టుకోని కూర్చోనుండారు. మేము బెల్లం మూటల మీద పండుకున్నాం. తెల్లారుజామున వచ్చింది బండి. పైన ఖాకీ బట్టలేసుకోని ఆయన. గొంతు బొంగురుపోయుండాది. ఆ రాత్రి నేను అమ్మినన్ని సోడాలు మళ్ళా యే తిరనాళ్ళకీ అమ్మలా.

వ్యాఖ్యాత: బాగుందండీ, ప్రశ్న...

శ్రోత (కందుకూరు): అదే, ఆయన మేనేజరా, సరుకా?

అతిథి: ఉండమ్మా, పెద్దాయన్ని ఆపొద్దు. ఆ బొంగురు గొంతే నేను చెప్పాలనుకున్నది. బీటు కొట్టడమంటే, షాపు షాపుకూ తానే తిరగడమంటే అదీ. అంత పెద్ద స్టారు, మద్రాసులో కూర్చుని పోస్టర్లు పంపించొచ్చు. పంపించలా. బండెక్కి ఊరూరూ తానే తిరిగాడు. ఇక సరుకు చూడండి. కిలో బియ్యం రెండు రూపాయలు. ఒక్క అంకె. అంగడికి ఉప్పుకు పోయిన పిల్ల ఇంటికొచ్చి తప్పు లేకుండా చెప్పగలిగిన మాట. నేను మీటింగుల్లో కుర్రాళ్ళకు నూటికి నూరు సార్లు చెప్పాను, స్కీము వివరించడానికి రెండు నిమిషాలు పట్టిందంటే ఆ స్కీము చచ్చిందని.

శ్రోత (కందుకూరు): నిజం చెప్తుండా. ఆ రెండు రూపాయల బియ్యంతో నా అంగట్లో బియ్యం బేరం సగం పడిపోయింది. అయినా మా యింట్లో నాలుగోట్లూ ఆయనకే.

అతిథి: చూశారా! బేరం పోయిన దుకాణదారు కూడా కొన్నాడంటే ఆ అమ్మకం ఎంత గట్టిదో. 1984 ఆగస్టులో దించేశారు. స్టాకిస్టులు, అంటే ఎమ్మెల్యేలు, కొంతమంది అటు పోయారు, కొన్నవాళ్ళు మాత్రం కదల్లా. సెప్టెంబరు 16కల్లా మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. కానీ 1989లో ఓడిపోయాడు. అందుకే నా పాత మాటే. ఆర్డర్ వేరు, వసూలు వేరు.

శ్రోత (కందుకూరు): ఇంతకీ మేనేజరా, సరుకా?

వ్యాఖ్యాత: టైం ఉంటే మళ్ళీ కలుపుతామండీ, లైన్లో చాలామంది ఉన్నారు. గూడూరు నుంచి కాల్.

శ్రోత (గూడూరు): సార్, మీరు ఎన్ని చెప్పినా మా నాయకుడి ముందు వీళ్ళంతా దిగదుడుపే. అవతలి పార్టీ వాళ్ళు చేసిందల్లా...

అతిథి: బాబూ, జెండా బయట పెట్టి రా. ఎదుటి కంపెనీ సరుకును తిట్టి అమ్మేవాణ్ణి నేను మొదటి వారంలోనే ఇంటికి పంపించేవాణ్ణి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కావలి నుంచి.

శ్రోత (కావలి): నమస్కారం సార్. మాది పొదుపు సంఘం. మగ నాయకుల గురించే చెప్తుండారు. మా దూబగుంట ఆడోళ్ళకు ఎన్ని మార్కులేస్తారు?

అతిథి: అమ్మా, నువ్వు అడక్కపోయినా ఆ మాట దగ్గరికి వచ్చేవాణ్ణే. నేను చూసినంతలో దానికి మించిన పాఠం లేదు. సరుకు కావాలని కంపెనీ చెప్పలేదు, కొనేవాళ్ళే ఆర్డర్ రాసి పంపించారు. చదువుకోవడానికి రాత్రి బడికి పోయిన ఆడవాళ్ళు, కూలి డబ్బు ఎటు పోతున్నదో లెక్క చూసుకున్నారు. సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. అది జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా బందయింది. ఆ ఆర్డర్ని సరిగ్గా చదివింది రామారావు గారు. 1994లో మాటిచ్చాడు, గెలిచాడు, 1995 జనవరిలో మొత్తం మద్యం మూసేశాడు. డెలివరీ అంటే అది.

శ్రోత (కావలి): మళ్ళా తెరిచేశారు కదా సార్.

అతిథి: 1997లో తెరిచారు. ఎందుకు? ఖజానాకు ఆ రాబడి పోతే దాని బదులు ఏం పెట్టాలో ముందుగా చూసుకోలేదు. పంతులు గారి ప్రభుత్వం పడింది మద్యం మీద, ఈ మాట నిలవకపోయిందీ మద్యం మీదే. మన రెండు జిల్లాలకూ ఈ సరుకుతో ఏదో రుణం ఉన్నట్టుంది. మాటివ్వడం తేలిక తల్లీ, మూడో ఏడు కూడా ఆ సరుకు అందించగలనా అని గోడౌన్ చూసుకుని ఇవ్వాలి. నువ్వు ఆ పొదుపు సంఘంలో...

వ్యాఖ్యాత: లైన్ కట్టయింది సార్. ఆత్మకూరు నుంచి తర్వాతి కాల్.

శ్రోత (ఆత్మకూరు): సార్, ఎంబీయే చదువుతున్నాను. పాదయాత్రల్ని ఫీల్డ్ వర్క్ అనుకోవచ్చా?

అతిథి: అనుకోవచ్చు కాదు, అదే. రాజశేఖరరెడ్డి గారు 2003 ఎండల్లో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు, 1,475 కిలోమీటర్లు. గెలిచి 2004 మే 14న మొదటి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీద. ఆర్డర్ తీసుకుని మొదటి లారీలోనే సరుకు దించడం. దానికి పూర్తి మార్కులు. చంద్రబాబు గారు వేరే రకం. పెద్ద ఖాతాదార్ల దగ్గర కూర్చుని మాట్లాడటంలో ఆయనకు సాటి లేరు. 2000లో క్లింటన్‌ను హైదరాబాదు రప్పించిన మనిషి. కానీ పెద్ద అకౌంటు మీద కూర్చుంటే పల్లె షాపులు అలుగుతాయి. 2004లో అలిగాయి. అది గుర్తించి ఆయనే 2012 అక్టోబరు 2న, అరవై దాటిన వయసులో, హిందూపురంలో నడక మొదలుపెట్టాడు. పోయిన షాపుకు మళ్ళీ పోయాడు చూడు, అది నాకు నచ్చింది. జగన్ గారు 3,648 కిలోమీటర్లు నడిచారు, 2019లో 175కి 151. ఐదేళ్ళకు అదే మార్కెట్లో 11. నడిచినప్పుడు అడిగిన ప్రశ్నలు కుర్చీ ఎక్కాక కూడా అడుగుతూ ఉండాలి. ఇప్పుడున్న కూటమికీ ఇదే మాట. 164 సీట్లు ఆర్డరే. వసూలు ఇంకా ముందుంది.

శ్రోత (ఆత్మకూరు): పవన్ కల్యాణ్ గారు?

అతిథి: రాసుకో, పరీక్షలో పనికొస్తుంది. 2008లో చిరంజీవి గారి ప్రజారాజ్యం తిరుపతిలో అంత ఘనంగా మొదలైంది. రాష్ట్రమంతా ఒకేసారి సరుకు దించారు. 2009లో 18 సీట్లు, 2011లో కాంగ్రెస్‌లో కలిపేశారు. ప్రచారం ఉంది, ఊరూరా డీలర్లు లేరు. తమ్ముడు గారికి 2019లో ఒక్క సీటు, తాను నిలబడ్డ రెండు చోట్లా ఓటమి. నా కింద పనిచేసినవాళ్ళు అంత దెబ్బకు ఉద్యోగం మానేసేవాళ్ళు. 2024లో 21 చోట్లే తీసుకున్నాడు, 21కి 21 గెలిచాడు. మోయగలిగినంత బీటు తీసుకోవడానికి మనసు గట్టిది కావాలయ్యా.

వ్యాఖ్యాత: వెంకటాచలం నుంచి, క్లుప్తంగా.

శ్రోత (వెంకటాచలం): సార్, మా చవటపాలెం వెంకయ్యనాయుడు గారికి?

అతిథి: ఆయన మాటల్లో ప్రాసకే అందరూ మార్కులేస్తారు, నేను ఉదయగిరికి వేస్తాను. 1978లో రాష్ట్రమంతా ఇందిరమ్మ గాలి, ఆయన జనతా తరఫున అక్కడ గెలిచాడు. 1983లో రామారావు గారి గాలి, ఆయన బీజేపీ తరఫున అక్కడే మళ్ళీ గెలిచాడు. గాలివాటాన అమ్మేది ఎవరైనా చేస్తారు. రెండుసార్లు గాలికి ఎదురు అమ్మినవాణ్ణి నేను వెతుక్కుంటూ పోయి తెచ్చుకుంటా.

వ్యాఖ్యాత: థాంక్స్ అండీ. అల్లూరు.

శ్రోత (అల్లూరు): సార్, నాది నాలుగెకరాల రొయ్యల గుంట. ఎలక్షన్లో డబ్బులు పంచేది కూడా సేల్స్ స్కీమే కదా? మేతకు మీరూ బస్తాకింతని ఇచ్చేవాళ్ళు.

అతిథి: (కొంచెం ఆగి) నన్ను మంచి చోట పట్టుకున్నావు. ఇచ్చాం. నా సొంత అనుభవం చెప్తాను. ఒక ఏడాది డీలరుకు టన్నుకింతని పెంచాం. నెలాఖరుకు టార్గెట్ దాటేసింది, నాకు శాలువా కప్పారు. రెండు నెలలకు ఒక గుంట దగ్గరికి పోతే షెడ్డులో మా బస్తాలు అట్టాగే ఉన్నాయి. కుట్టు విప్పలేదు, కింది వరస చెమ్మగిలి బూజు పట్టింది. రైతు వేరే మేత వేస్తున్నాడు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి నాకు చూపించాడు. ‘సార్, రొయ్య తినాల, డీలరు కాదు’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. డబ్బిచ్చి తీసుకున్న ఓటు కుట్టు విప్పని బస్తా. పైగా అది నేరం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి 40 లక్షలు, 2022 నుంచి. ఆ లెక్కలో ఓటుకింత అని రాసుకునే గడి లేదు నాయనా.

శ్రోత (అల్లూరు): అయితే తీసుకోవద్దంటారా?

అతిథి: వద్దనే అంటాను. మేత కొనేటప్పుడు కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు, ఎంత తేలిందో చూసి కొంటావు కదా, అట్టాగే పోయిన ఐదేళ్ళలో ఈ మనిషి మీ కాలవ గట్టుకు ఎన్నిసార్లు వచ్చాడో చూసుకుని వెయ్యి. ఆర్డర్ వేరు...

శ్రోత (అల్లూరు): వసూలు వేరు. సరే సార్.

వ్యాఖ్యాత: (నవ్వు) రెండు నిమిషాలే ఉన్నాయి. కందుకూరు పెద్దాయన లైన్లోనే ఉన్నారట. చెప్పండి.

శ్రోత (కందుకూరు): ఉండానమ్మా, పెట్టలా. ఆయన చెప్పలేదే! మేనేజరా, సరుకా?

అతిథి: మేనేజరే పెద్దాయనా. సరుకు రెండు రూపాయల బియ్యం. ఆయన ముఖం లేబులు.

శ్రోత (కందుకూరు): అట్టనా! నేను లేబులు చూసే గదయ్యా కొన్నది. తెల్లారిందాకా మూటల మీద పండుకోనుండేది బియ్యం కోసమనుకున్నావా?

అతిథి: ...సరే పెద్దాయనా. కొన్నది మీరు. మీరు చెప్పిందే రాసుకుంటాను.

శ్రోత (కందుకూరు): ఆఁ, రాసుకో. ఒరేయ్, రేడియో పెట్రా.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. పొదిలి, కోవూరు నుంచి లైన్లో ఉన్నవాళ్ళు క్షమించాలి. సార్, ధన్యవాదాలు. వచ్చే శనివారం నిమ్మ రైతుల ప్రశ్నలకు సమాధానాలు. నమస్కారం.