అమ్మమ్మ చుట్ట, రెండు రకాల ఎలుకలు

హోస్ట్: నమస్తే మేడమ్. మా శ్రోతలు ఎక్కువగా అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. "మా అమ్మమ్మ జీవితమంతా చుట్ట కాల్చినా ఏం కాలేదు. అప్పుడప్పుడూ సిగరెట్ కాల్చే బాబాయికి క్యాన్సర్ వచ్చింది. ఎందుకు?"

అతిథి: నమస్తే అండీ. ఈ ప్రశ్న ఎవరడిగినా నేను చిట్టెలుకల దగ్గరికే తీసుకెళ్తాను. ల్యాబ్‌లో పెంచే రెండు రకాలున్నాయి: సీ57 బ్లాక్ 6 నల్ల ఎలుక, డీబీఏ/2 వెలిసిన గోధుమరంగుది. ఇలాంటి రకాలను కనీసం 20 తరాలు తోబుట్టువులనే జతకట్టించి తయారుచేస్తారు. అందుకే ఒక రకంలోని ఎలుకలన్నీ కవలల్లా ఉంటాయి.

హోస్ట్: అంటే తిండీ, గదీ ఒకటే అయినా రెండు రకాల మధ్య తేడా వస్తే అది జన్యువులదే.

అతిథి: అంతే. 1970ల్లో అమెరికాలో డేనియల్ నెబర్ట్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం వాళ్లు ఈ తేడా వెంటపడ్డారు. పొగలో ఉండే బెంజోపైరీన్ లాంటివి లోపలికి వెళ్తే నల్ల ఎలుక లివర్‌లో ఒక ఎంజైమ్ అమాంతం పెరుగుతుంది. అప్పట్లో ఏహెచ్‌హెచ్ అనేవారు, ఇప్పుడు సిప్1ఏ1 అంటున్నాం. డీబీఏలో అదే మోతాదుకి ఉలుకూ పలుకూ ఉండదు. ఆ రసాయనాన్ని పట్టుకుని ఎంజైమ్‌ని పెంచే ఏహెచ్ రిసెప్టర్ అనే ప్రొటీన్ పట్టు దానిలో వదులు.

హోస్ట్: ఎంజైమ్ ఎక్కువుంటే విషం త్వరగా పోతుంది కదా. మరి నల్లదే నయమా?

అతిథి: నేనూ మొదట అలాగే అనుకున్నాను. బెంజోపైరీన్ నీళ్లలో కరగదు. కరిగించి బయటికి పంపడానికి ఈ ఎంజైమ్ దానికి ఆక్సిజన్ తగిలిస్తుంది. ఆ దారిలో పుట్టే ఒక పదార్థం డీఎన్‌ఏకి అతుక్కుపోతుంది. ఇదే కోవకు చెందిన మిథైల్‌కొలాంత్రీన్‌ని చర్మం కింద ఇంజెక్షన్ చేస్తే, కణితులు ఎక్కువగా నల్లవాటికే వచ్చాయి.

హోస్ట్: అయ్యో, అయితే డీబీఏనే మేలు.

అతిథి: ఆగండి. బెంజోపైరీన్‌ని రోజూ తిండిలో కలిపి పెట్టారు. ఎముకల్లో మూలుగ దెబ్బతిని, రక్తం తయారవక డీబీఏలు కొన్ని వారాల్లోనే చనిపోయాయి. నల్లవి మామూలుగానే తిరిగాయి. నోటి నుంచి వచ్చినదాన్ని పేగూ లివరూ దారిలోనే విరిచేసి, మూలుగదాకా పోనివ్వలేదు. 2004లో ఆ ఎంజైమ్ జన్యువునే తీసేసిన ఎలుకలకు పెట్టి చూశారు. నెలలో పోయాయి. జన్యువున్నవి అదే మోతాదు ఏడాదిపాటు తిని నిలబడ్డాయి! ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

హోస్ట్: మరి అమ్మమ్మ సంగతి?

అతిథి: మన రిసెప్టర్ పట్టు డీబీఏదానికే దగ్గర. కానీ మనం కవలలం కాదు, మనలో కలగలిసిన జన్యువులు ఎన్నో. 1973లో హ్యూస్టన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల తెల్లకణాల్లో ఈ ఎంజైమ్ ఎక్కువగా పెరుగుతోందన్నారు. తర్వాత చూసిన చాలామందికి ఆ ఫలితం రాలేదు. అమ్మమ్మకి ఏమీ కాదని ముందే చెప్పే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు.

హోస్ట్: మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది.

అతిథి: అలా తాగేవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. ఇంట్లో ఇంకా ఎవరైనా తాగుతుంటే ఈ వారమే డాక్టర్‌కి నోరు చూపించండి.