షియేగు జీ90 రివ్యూ: వరదలో ఫోను మూగబోతే కడప కొండల మధ్య ఏది పలుకుతుంది?

నమస్కారం. "అన్నా, కొద్ది వేలకే వాకీటాకీ దొరుకుతుంటే, విపత్తు సమయానికి ఈ షియేగు జీ90 రేడియో సెట్టు ఎందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. ఈరోజు వీడియో ఆ ప్రశ్న మీదే.

నా జవాబు కిటికీలోంచే కనిపిస్తుంది. కడపకు ఒకవైపు నల్లమల, ఇంకోవైపు పాలకొండలు. చేతిలో ఇమిడే బావోఫెంగ్ యూవీ-5ఆర్ వంటి సెట్లు పనిచేసే 144 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత దూరమే పోతాయి. కొండ అడ్డం వచ్చిందంటే అంతే సంగతులు. ఎత్తున రిపీటర్, అంటే మన మాటను అందుకుని మళ్లీ పంపే యంత్రం, ఉంటే కొండ దాటవచ్చు, నిజమే. కానీ ఆ రిపీటర్‌కూ కరెంటు కావాలి కదా! 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు పులపుత్తూరు, మందపల్లి మీద విరుచుకుపడింది. అలాంటి రోజున రాజంపేట వైపు నుంచి కడపకు, కర్నూలుకు, విజయవాడకు కబురు అందాలి. వాకీటాకీ ఒక వీధి నుంచి ఇంకో వీధికి, పడవ నుంచి గట్టుకు బాగా పనికొస్తుంది. ఊరు దాటించే పని దానిది కాదు.

ఆ పని హెచ్ఎఫ్‌ది. హెచ్ఎఫ్ అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉండే షార్ట్‌వేవ్ తరంగాలు. జీ90 హెచ్ఎఫ్ సెట్టు, 20 వాట్లు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. 40 మీటర్ల బ్యాండుకు (తరంగం పొడవు అది, 7 మెగాహెర్ట్జ్ దగ్గర) సరిపోయే యాంటెన్నా తీగను నేలకు పది పన్నెండు అడుగుల ఎత్తులోనే కట్టండి. ఎక్కువ తరంగం నిటారుగా పైకి పోయి, ఆకాశంలో ఎత్తున తరంగాలను తిప్పి పంపే ఐనో ఆవరణం అనే పొరను తాకి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర జల్లులా కిందికి దిగుతుంది. పైనుంచి వచ్చేదానికి కొండ ఏం అడ్డుపడుతుంది? దేశాలతో మాట్లాడాలంటే యాంటెన్నా ఎత్తులో ఉండాలి, పక్క జిల్లాతో మాట్లాడాలంటే కిందికి దించాలి. టవరు లేదని దిగులు పడేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇప్పుడు మేడ మీద చూడండి. తీగ ఒక కొస వేపచెట్టుకు, ఇంకో కొస నీళ్ల ట్యాంకు స్టాండుకు కట్టి ఉంది. స్క్రీన్ మీద ఎస్‌డబ్ల్యూఆర్ (తీగ సెట్టుకు ఎంత కుదిరిందో చెప్పే అంకె, ఒకటికి దగ్గరైతే మేలు) మూడు చూపిస్తోంది. అంటే పంపిన పవర్‌లో నాలుగో వంతు తిరిగి వస్తోందన్నమాట. ట్యూన్ బటన్ నొక్కుతున్నాను. లోపల రిలేలు టకటకమన్నాయి, విన్నారా? ఒకటిన్నర లోపలికి దిగింది. ఇలా తీగను సెట్టుకు కుదిర్చే ట్యూనర్ పెట్టెను విడిగా మోయనక్కర్లేదు. హడావుడిగా వంకరటింకరగా కట్టిన తీగతో కూడా ఈ సెట్టు సర్దుకుపోతుంది. నేను దీనికి మార్కులు వేసేది ఇందుకే.

లోపాలు దాచను. లోపల బ్యాటరీ లేదు. ఊరికే వింటున్నా అర ఆంపియర్ లాగుతుంది, మాట్లాడితే ఎనిమిది దాకా పోతుంది. అందుకే 12 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకున్నాను. పవర్ 10 వాట్లకు తగ్గిస్తే అవతలివాళ్లకు తేడా పెద్దగా తెలియదు, బ్యాటరీ మాత్రం నిలుస్తుంది. ఫ్యాన్ లేదు, ఎక్కువసేపు మాట్లాడితే పెట్టె బాగా వేడెక్కుతుంది. వాన తట్టుకోదు, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. వాకీటాకీల బ్యాండ్లు ఇందులో లేవు కాబట్టి రెండూ ఉండాల్సిందే. రెండూ ఒకే పెట్టెలో కావాలంటే ఐకామ్ ఐసీ-705 ఉంది. సొంత బ్యాటరీ మీద 5 వాట్లు, బయటి సరఫరా మీద 10 వాట్లు. చాలా బాగుంటుంది, ధర చూస్తేనే కళ్లు తిరుగుతాయి!

రాత్రి సంగతి వేరు. చీకటి పడ్డాక 40 మీటర్లలో దగ్గరి ఊళ్లు జారిపోతాయి, 80 మీటర్ల బ్యాండుకు (3.5 మెగాహెర్ట్జ్ దగ్గర) మారాలి. తుపాను వేళ అక్కడ మెరుపుల గరగర భరించలేం. ఇళ్లలోని ఇన్వర్టర్లు, ఎల్ఈడీ దీపాలు చేసే గోల మాత్రం కరెంటు పోగానే పోతుంది. ఆ ఒక్క మేలు ఉంది.

ఇంకో మాట. లైసెన్సు లేకుండా ఈ సెట్టు కొనకండి, మన దేశంలో అది నేరం. కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పెడుతుంది. అందులో కింది మెట్టు అయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు. 2004 సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ అనే హామ్ (లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపేవారిని అలా అంటారు) అండమాన్‌లో ఉన్నారు. వేరే పని మీద తెచ్చుకున్న రేడియోతో పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేశారు. అది చేతకావాలంటే సెట్టు కంటే ముందు చేయి తిరగాలి. నెలకోసారైనా 7.110 మెగాహెర్ట్జ్ దగ్గర చెవి పెట్టండి. ఆసియా, పసిఫిక్ ప్రాంతంలో విపత్తు సంభాషణలకు హామ్‌లు అనుకున్న చోటు అది.

తీగ పొడవు లెక్క అడిగినవారికి: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగించండి, మీటర్లు వస్తాయి. 7.1కి ఇరవై, సగానికి కోసి మధ్యలో సెట్టు నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది) కలపండి. కొసలను నైలాన్ తాడుతో కట్టండి. మాట్లాడేటప్పుడు కొసల్లోనే వోల్టేజీ ఎక్కువ, పిల్లల చేతికి అందకూడదు. కరెంటు తీగల దరిదాపుల్లోకి అసలే పోకండి.