గిటారుకు కరెంటు పెట్టాక

అందరికీ నమస్కారం. బ్లూస్ అంటే అమెరికా దక్షిణాదిలో నల్లజాతివాళ్ల మధ్య పుట్టిన సంగీతం. ఎలక్ట్రిక్ బ్లూస్ అంటే ఆ పాత బ్లూస్‌కి సౌండ్ పెంచడమేగా అంటారు చాలామంది. మొదట్లో జరిగింది అదే. అక్కడితో ఆగిపోయి ఉంటే ఇవాళ మనం దీని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు.

బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మడ్డీ వాటర్స్ మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ దగ్గర పత్తి కమతంలో ట్రాక్టర్ నడిపేవాడు. 1943లో రైలెక్కి షికాగో చేరాడు. దక్షిణాదిలో వివక్ష భరించలేక, ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందన్న ఆశతో నల్లజాతివాళ్లు లక్షల్లో ఉత్తరాదికి తరలిపోతున్న కాలం అది. ఊళ్లో హాయిగా వినిపించిన గిటారు షికాగో బార్ల గోలలో పక్క టేబుల్‌కి కూడా వినపడదు. అందుకే ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. 1948లో ‘ఐ కాంట్ బీ శాటిస్‌ఫైడ్’ రికార్డు వస్తే, మొదటి విడత కాపీలు ఒక్క వారాంతంలో అయిపోయాయి.

ఆయన బృందంలో లిటిల్ వాల్టర్ అనే కుర్రాడు హార్మోనికా వాయించేవాడు. నన్నడిగితే అసలు విప్లవం ఇతనిదే. చిన్న మైకును హార్మోనికాకు ఆనించి, రెండూ కలిపి అరచేతుల్లో గట్టిగా మూసి, వైరును ఆంప్లిఫైయర్‌కి తగిలించేవాడు. లోపలి గాలి బయటికి పోదు. అంత శబ్దాన్ని మైకూ ఆంప్లిఫైయరూ మోయలేక స్వరం బొంగురుపోతుంది. ఇంజనీరు దాన్ని లోపం అంటాడు. వాల్టర్‌కి కావలసింది ఆ లోపమే! వేళ్లు కాస్త తెరిస్తే ఒక గొంతు, మూస్తే ఇంకో గొంతు. జేబులో పట్టే వాయిద్యం శాక్సోఫోన్‌లా మోగింది. 1952లో అతని ‘జ్యూక్’ ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) హిట్ల పట్టికలో నంబర్ వన్ అయింది. అందులో ఒక్క మాట కూడా లేదు, అంతా వాయిద్యమే.

1958లో మడ్డీ ఇంగ్లండ్ వెళితే, పల్లె బ్లూస్ ఆశించి వచ్చిన కొందరు ఆ హోరుకు బెదిరిపోయారు. నాలుగేళ్లకే లండన్ కుర్రాళ్లు ఆయన పాట పేరు తమ బృందానికి పెట్టుకున్నారు: రోలింగ్ స్టోన్స్. 1964లో మడ్డీ రికార్డులు తెచ్చిన షికాగో కంపెనీ చెస్ స్టూడియోకే వెళ్లి రికార్డు చేసుకొచ్చారు. పక్క వీధిలో పుట్టిన సంగీతం సముద్రం దాటి తిరిగొస్తే గానీ అమెరికాలో చాలామంది తెల్ల కుర్రాళ్ల చెవికెక్కలేదు.

చిన్నప్పుడు మడ్డీ రికార్డులు వింటూ పెరిగిన మరో ఇంగ్లండ్ కుర్రాడు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్. తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన పక్కన కూర్చుని వాయించింది మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకున్నదీ సౌండ్ కోసం మాత్రమే కాదు. గమకం పలకాలంటే స్వరం నిలవాలి కదా.

పేరొచ్చిన రాక్ బృందాలకు డబ్బూ వచ్చింది. ఆ బ్లూస్ పాటలు రాసినవాళ్ల సంగతి వేరు. చెస్ కంపెనీకి ఎన్నో హిట్లు రాసిన విల్లీ డిక్సన్, తన పాట వాడుకున్నారని 1985లో ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ మీద కేసు వేయాల్సి వచ్చింది. రెండేళ్లకు రాజీ కుదిరింది. తనలాంటి కళాకారులకు రాయల్టీలు ఇప్పించడానికి ఆయన పెట్టిన ఫౌండేషన్ ఇప్పుడు 2120 సౌత్ మిషిగన్ అవెన్యూలో ఉంది. ఒకప్పటి చెస్ ఆఫీసు భవనం అదే.