ఔటర్ దగ్గర గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు: అడ్వాన్స్ ఇచ్చే ముందు

[తెర మీద: మోడల్ ఫ్లాట్ హాలు. కెమెరా బాల్కనీ దాటి కిందికి దిగి, గేటు దగ్గర నిలబడ్డ నీళ్ల ట్యాంకర్ మీద ఆగుతుంది.]

నమస్తే. తెల్లాపూర్, కొల్లూరు, బాచుపల్లి, ఆదిభట్ల... హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ ఎక్కడ చూసినా గేటెడ్ కమ్యూనిటీలే. పిల్లలు ఆడుకోవడానికి చోటుంటుంది, గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటుంది. కొనాలనిపించడంలో తప్పేం లేదు. మోడల్ ఫ్లాట్ చూసిన ఊపులో అక్కడికక్కడే చెక్కు రాయకండి, అంతే. ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి.

[తెర మీద: లెక్క ఒక్కో వరుసగా కనిపిస్తుంది.]

మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుందాం. నలుగురున్న ఇంటికి 540. ఐదొందల ఇళ్లకు 2,70,000 లీటర్లు. అంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు 27. ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) బాగా నడిచి ఫ్లష్‌లకు, చెట్లకు ఆ నీళ్లు వాడితే కొంత తగ్గుతుంది. ఏప్రిల్‌లో బోర్లు ఎండిపోతే మిగతాదంతా కొనుక్కోవాల్సిందే, ఆ బిల్లు మెయింటెనెన్స్‌లో మీ నెత్తినే పడుతుంది. అందుకే “మంజీరా కనెక్షన్ ఉందా?” (అంటే జలమండలి పైపు నీళ్లు) అని అడిగి ఊరుకోకండి. “వస్తుందండీ, అప్లై చేశాం” అంటే లేదనే లెక్క వేసుకోండి. సేల్స్ వాళ్లకంటే పక్క కమ్యూనిటీ వాచ్‌మన్ చెప్పేదే నమ్మకంగా ఉంటుంది. మే నెలలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు లోపలికి వచ్చాయో అతనికి తెలుసు.

నీళ్లు లేకపోవడం ఒక బాధ. నీళ్లలోనే ఇల్లు ఉండటం అంతకంటే పెద్ద బాధ. చెరువు నిండా నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్. ఈ హద్దుల్లో కట్టడాలకు అనుమతి లేదు. 2024 సెప్టెంబరులో మల్లంపేట కత్వ చెరువులో కట్టిన విల్లాలను, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చేసింది. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులు ఉన్నాయి, సర్వే నంబరు పట్టుకుని సరిచూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల వానాకాలం ఫొటోలు కూడా తీసి చూడండి. ఇప్పుడు క్లబ్‌హౌస్ ఉన్నచోట అప్పుడు నీళ్లు మెరుస్తుంటే అక్కడితో ఆపేయండి.

[తెర మీద: ఈసీ కాగితం దగ్గరగా. వేలు ఒక వరుస మీద ఆగుతుంది.]

ఇక కాగితాలు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, కనీసం 30 ఏళ్లకు తీయించండి. ఇదిగో ఈ వరుసలో “మార్టిగేజ్” అని ఉందా? అయితే కింద ఎక్కడైనా దాని “రిలీజ్” ఉండాలి. లేకపోతే ఆ అప్పు ఇంకా తీరలేదన్నమాట. అలాగే సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో చూడండి. బిల్డర్ నిబంధనలు పాటిస్తాడన్న పూచీకి అనుమతి ఇచ్చే సంస్థ సాధారణంగా 10 శాతం బిల్టప్ ఏరియాను తన దగ్గర తనఖా పెట్టించుకుంటుంది. ఆ ఫ్లాట్ల నంబర్లు అడిగి రాసుకోండి, మీకు చూపించే ఫ్లాట్ వాటిలో ఉండకూడదు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా “ప్రీలాంచ్, మొత్తం ఒకేసారి కడితే సగం రేటు” అన్నవాళ్ల దగ్గర టీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి. రెరా కిందికి వచ్చే ప్రాజెక్టులో రిజిస్ట్రేషన్ కాకుండా అమ్మడమే చట్టవిరుద్ధం. రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి తీసుకోకూడదు.

రేటు 1,650 ఎస్‌ఎఫ్‌టీకి చెబుతారు, అది సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోట్ల వాటా కూడా కలిపింది. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మీరు వాడుకునే చోటు, 1,150 అయితే అడుగుకు 6,000 చెప్పిన ఇల్లు మీకు నిజంగా పడేది సుమారు 8,600. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు కార్పెట్ ఏరియా మీదే పోల్చండి. యూడీఎస్, అంటే మొత్తం స్థలంలో మీ ఫ్లాట్ వాటా, కూడా అడగండి: ఐదెకరాలంటే 24,200 గజాలు, 500 ఫ్లాట్లకు పంచితే తలా 48 గజాలు. రోడ్డుకు వదిలింది తీస్తే ఇంకా తక్కువ. ముప్పై ఏళ్ల తర్వాత బిల్డింగ్ పాతబడినా విలువ నిలిచేది ఆ గజాలకే.

90 లక్షల ఇల్లు కట్టడంలో ఉంటే 5 శాతం జీఎస్‌టీ 4.5 లక్షలు. రిజిస్ట్రేషన్ 7.5 శాతం, 6.75 లక్షలు. కార్పస్ (కమ్యూనిటీ ఉమ్మడి నిధి), పార్కింగ్, క్లబ్‌హౌస్ వేరు. ఓసీ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాక కొంటే జీఎస్‌టీ ఉండదు. 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (వాళ్ల తరఫున ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాల్సింది మీరే. అది అదనపు ఖర్చు కాదు, మర్చిపోతే మాత్రం వడ్డీ, ఫీజు పడతాయి.

ఆదివారం మధ్యాహ్నం సైట్ చూసి దూరం అంచనా వేయకండి. మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు అక్కడి నుంచి ఆఫీసుకు బయల్దేరండి.

ఇళ్లు పూర్తయిన కమ్యూనిటీ అయితే మా సలహా ఒక్కటే: మార్చి నుంచి ఆగస్టు దాకా అందులోనే అద్దెకుండండి. ఎండాకాలం నీళ్లు, వానాకాలం సెల్లార్, మెయింటెనెన్స్ గొడవలు అన్నీ తెలుస్తాయి. ఆరు నెలల అద్దె దండగ అనుకోకండి.

[తెర మీద: సీలింగ్ మూలలో చెమ్మ మరక.]

ఓసీ కాపీ చేతికి రాకుండా తాళాలు తీసుకోకండి. చేరాక తొలి వానకే ఇలాంటి మరక కనిపిస్తే ఫొటో తీసి, తేదీ వేసి, బిల్డర్‌కు రాతపూర్వకంగా పంపండి. పొజిషన్ ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని, పనితనంలో లోపాన్ని 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలని రెరా చట్టం సెక్షన్ 14 చెబుతోంది. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే రేపు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.