అల్యూమినియం పొంగు కుంగిపోదెందుకు?

యాంకర్: నమస్కారం. ఈ గాజు గిన్నెలో నీళ్ల మీద ఒక బూడిదరంగు ముక్క తేలుతోంది. ఒక పక్కకు ఒరిగింది కూడా. స్పాంజి కాదు, అల్యూమినియమే. ప్రొఫెసర్ గారూ, లోహం ఇలా ఎలా తేలుతోంది?

ప్రొఫెసర్: ఇందులో లోహం తక్కువ, ఖాళీ ఎక్కువ. మామూలు అల్యూమినియం ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు తూగుతుంది. ఈ నురగైతే అర గ్రాము అటూ ఇటూ. లోపలి బుడగల గదులు మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు లోపలికి పోవు.

యాంకర్: కరిగిన అల్యూమినియంలోకి గాలి ఊదితే చాలా?

ఫౌండ్రీ ఇంజనీర్: ఊది చూడండి మేడమ్! బుడగ పైకొస్తుంది, పగిలిపోతుంది. మంచినీళ్లలో స్ట్రాతో ఊదినట్టే.

ప్రొఫెసర్: ఆ పోలిక సరైనదే. కరిగిన అల్యూమినియం చిక్కగా ఉంటుందనుకుంటాం గానీ, దాదాపు నీళ్లంత పలచన. తలతన్యత మాత్రం నీటికి పది రెట్ల పైనే. కుంకుడు రసం నురగ కడుతుందంటే అందులోని సపోనిన్లు అనే సబ్బులాంటి పదార్థాలు బుడగ పొరను పట్టుకుంటాయి కాబట్టి. 660 డిగ్రీల పైన అలాంటివేవీ బతకవు.

యాంకర్: మరి కుంకుడుకాయ పని ఎవరు చేస్తారు?

ప్రొఫెసర్: ఒక్క మాటలో, చెత్త. కెనడాలో, నార్వేలో ఎదిగిన పద్ధతిలో కరిగిన లోహంలో సిలికాన్ కార్బైడ్ లేదా అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, రేణువులు నూటికి 10 నుంచి 20 పాళ్లు కలిపి, అప్పుడు గ్యాస్ పంపుతారు. రేణువులు బుడగ గోడకు అతుక్కుంటాయి. అయితే అవి లోహంలో సగం సగమే తడవాలి. పూర్తిగా తడిస్తే లోపలికి మునిగిపోతాయి, అసలు తడవకపోతే లోహంలో కలవవు. గోడలోని లోహం ఎప్పుడూ బుడగలు కలిసే మూలలకు జారిపోవాలనే చూస్తుంది. ఈ రేణువులు అడ్డుపడి గోడ మరీ పలచబడకుండా కాస్తాయి.

ఇంజనీర్: ఆ పద్ధతితో నాకో పేచీ ఉంది సార్. సిలికాన్ కార్బైడ్ అంటే సానరాళ్లు చేసే సరుకు. ఆ ముక్కను కోయాలంటే రంపం పళ్లు అరిగిపోతాయి.

ప్రొఫెసర్: ఒప్పుకుంటాను. జపాన్‌లో అల్పోరాస్ అనే సరుకుకు వేరే దారి పట్టారు. 680 డిగ్రీల దగ్గర 1.5 శాతం కాల్షియం వేసి, గాలి తగులుతుండగానే కలుపుతారు. ఆక్సైడ్లు పుట్టి కరిగిన లోహం దోసెపిండిలా చిక్కబడుతుంది. అప్పుడు 1.6 శాతం టైటానియం హైడ్రైడ్ వేస్తే హైడ్రోజన్ వదులుతుంది, మొత్తం పొంగుతుంది.

ఇంజనీర్: నాకు మింగుడుపడనిదీ ఇదే! మా షాపులో పొద్దున లేస్తే తెట్టు, అంటే కరిగిన లోహం మీద కట్టే ఆక్సైడ్ మడ్డి తియ్యడం, డీగ్యాసింగ్ చేసి లోహంలోని హైడ్రోజన్ పోగొట్టడం. కాస్త హైడ్రోజన్ మిగిలితే కాస్టింగ్ నిండా సూదిబెజ్జాలు, పార్టీ వెనక్కి పంపేస్తాడు. మేం పారబోసే ఆ రెండిటినే మీరు కావాలని పోస్తున్నారు.

ప్రొఫెసర్: జర్మనీలో బ్రెమెన్‌లోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పద్ధతిలో తెట్టు వేరుగా పొయ్యక్కర్లేదు కూడా. అల్యూమినియం పొడి, హైడ్రైడ్ కలిపి గట్టిగా నొక్కి వేడి చేస్తారు. పొడిలో ప్రతి రేణువుకూ ఆక్సైడ్ తోలు ఉంటుంది. కరిగాక ఆ తోలు ముక్కలే గోడల్ని కాస్తాయి. చిక్కల్లా, హైడ్రైడ్ 400 డిగ్రీల దగ్గరే గ్యాస్ వదలడం మొదలెడుతుంది. లోహం ఇంకా గట్టిగానే ఉంటుంది కదా, పగుళ్లిస్తుంది. అందుకే హైడ్రైడ్‌ను ముందే గాలిలో వేయించి, దానికీ ఒక ఆక్సైడ్ తొడుగు వేస్తారు.

యాంకర్: పొంగాక కాసేపు ఉంచొచ్చా?

ఇంజనీర్: ఉంచితే పాలపొంగు దిగినట్టు దిగుతుంది. వెంటనే చల్లార్చాలి.

ప్రొఫెసర్: ఎంత తొందరపడినా కొంత లోహం కిందికి జారుతుంది. ఆ ముక్క ఒరిగిందన్నారు కదా, తీసి చూడండి.

యాంకర్: (ముక్కను తిప్పి) ఈ అంచు దగ్గర బుడగలే లేవు, దిమ్మలా ఉంది.

ప్రొఫెసర్: అచ్చులో అడుగు అదే.