రైఫిల్ తన్నుకు వెరవని గురి

శ్రోతలకు నమస్కారం.

పెద్ద కాలిబర్ (అంటే గొట్టం లోపలి వ్యాసం ఎక్కువ ఉన్న) వేట రైఫిల్‌ను మొదటిసారి పేల్చి వచ్చిన మనిషిని పలకరించి చూడండి. గురి తగిలిందా లేదా అన్న మాట తరువాత వస్తుంది, భుజం ఎలా అదిరిపోయిందన్న మాట ముందు వస్తుంది. తుపాకీ పేలినప్పుడు వెనక్కి వచ్చి భుజాన్ని కొట్టే ఆ దెబ్బనే మనం తుపాకీ తన్నడం అంటాం. దాన్ని ఎలా తట్టుకోవాలో, దాని వల్ల గురి చెడకుండా ఎలా చూసుకోవాలో ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలో ఉన్న రోజుల్లో లింపోపో ప్రావిన్సులోని ఒక షూటింగ్ రేంజిలో నేను నేర్చుకున్నాను. నేను వేటగాడిని కాను, కాగితపు గురి మీద తప్ప మరి దేని మీదా కాల్చలేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, అలా కావడం మంచిదేనని నా నమ్మకం. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే సంగతులన్నీ లైసెన్సుతో, చట్టానికి లోబడి ఆఫ్రికా అడవి దున్న వంటి పెద్ద జంతువులను వేటాడే దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే వంటి దేశాలకు చెందినవని గ్రహించాలి.

అక్కడ పెద్ద జంతువుల వేటకు అందరూ కొలబద్దగా తీసుకునే తూటా, లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1912లో తెచ్చిన .375 మాగ్నం (.375 అన్నది అంగుళాలలో బుల్లెట్ వ్యాసం). ఆ బుల్లెట్ సుమారు 19 గ్రాముల బరువుతో, సెకనుకు దాదాపు 770 మీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. దాని వెంట కాలిన తుపాకి మందు వాయువుగా మారి అంతకన్నా ఎక్కువ వేగంతో ముందుకు చిమ్ముతుంది. ఈ రెండింటినీ ముందుకు నెట్టిన బలం రైఫిల్‌ను వెనక్కి నెట్టక మానదు కనుక, నాలుగు కిలోల రైఫిల్ సెకనుకు సుమారు అయిదు మీటర్ల వేగంతో మన భుజం మీదికి వస్తుంది. ఈ అంకెను ఊహించుకోవడానికి ఒక ఉపాయం ఉంది. అదే రైఫిల్‌ను నాలుగు అడుగుల పైచిలుకు ఎత్తు నుంచి జారవిడిస్తే నేలను తాకేటప్పుడు దానికి ఎంత వేగం ఉంటుందో, పేలినప్పుడు భుజాన్ని తాకే వేగం దాదాపు అంతే. జింకల వేటకు వాడే .30-06 రైఫిల్‌తో పోలిస్తే ఈ తన్నులోని శక్తి సుమారు రెట్టింపు ఉంటుంది. 1956లో వచ్చిన .458 వించెస్టర్ మాగ్నంలో అది మూడింతలు.

రైఫిల్ బరువు పెరిగిన కొద్దీ తన్ను తగ్గుతుంది. నాలుగు కిలోల రైఫిల్‌కు అరకిలో బరువు కలిపితే తన్నులోని శక్తి పదో వంతుకు పైగా తగ్గుతుంది. రోజంతా ముళ్ళపొదల మధ్య మోయడానికి తేలికైన రైఫిల్ బాగుంటుందని ముచ్చటపడి కొన్నవారు, కాల్చవలసిన ఒక్క క్షణంలో ఆ తేలికతనానికి మూల్యం చెల్లిస్తారు. మోత బరువుకు కాళ్ళు అలవాటు పడతాయి గానీ, భయానికి భుజం అంత తేలికగా అలవాటు పడదు.

భయం అన్న మాట కావాలనే వాడాను. తూటాలో మందు అంటుకున్నాక బుల్లెట్ గొట్టం దాటిపోవడానికి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతు, మహా అయితే వెయ్యింట రెండు వంతులు. ఆ లోపల రైఫిల్ వెనక్కి జరిగేది సుమారు మూడు మిల్లీమీటర్లే. పట్టు ప్రతిసారీ ఒకేలా ఉంటే ఆ చిన్న కదలిక కూడా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కనుక, గురి సరిచేసుకునేటప్పుడే అది లెక్కలో కలిసిపోతుంది. భుజానికి అసలు దెబ్బ తగిలేసరికి బుల్లెట్ ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి తగిలిన తన్ను గురిని చెడగొట్టదు. తగలబోయే తన్నును తలచుకుని, అది రాకముందే కళ్ళు మూసుకుని, భుజం బిగించి, ట్రిగ్గర్‌ను గుంజేసే మన శరీరమే గురిని చెడగొడుతుంది. ఇంగ్లీషులో ఫ్లించ్ అని పిలిచే ఈ ఉలికిపాటు, కాల్చేవాడికి తెలియకుండానే జరుగుతుంది. పేలుడు మోతలో, కుదుపులో అది కలిసిపోతుంది కనుక తాను కదల్లేదనే అతను మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

నేనూ అలాగే నమ్మాను. నా గుళ్ళు వరుసగా గురికి కింద ఎడమ పక్కన పడుతుంటే, గురి చూసేందుకు రైఫిల్ మీద బిగించే దుర్భిణి లాంటి స్కోప్‌దే తప్పు అన్నాను, తూటాలు బాగా లేవన్నాను. మా శిక్షకుడు వాదించలేదు. రైఫిల్ తీసుకుని నాకు కనబడకుండా తూటా పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. రెండు సార్లు పేలింది. మూడోసారి ఆయన పెట్టింది మందు లేని డమ్మీ తూటా. ట్రిగ్గర్ నొక్కగానే టక్కుమన్న చిన్న చప్పుడు తప్ప మరేమీ లేదు. కానీ గొట్టం కొన మాత్రం జానెడు కిందికి వంగింది. పేలని తుపాకీని నేను రెండు చేతులతో కిందికి తొక్కేసిన ఆ దృశ్యాన్ని నా కళ్ళతో నేనే చూశాను. ఆ రోజు కలిగినంత సిగ్గు నాకు మరెప్పుడూ కలగలేదు, అంత మేలు చేసిన పాఠం కూడా మరొకటి లేదు. ఏది అసలు తూటానో ఏది డమ్మీయో తెలియకుండా కలిపి కాల్పించే ఈ పద్ధతి పాతది, దీనికి ఖర్చు లేదు, ఉలికిపాటును పట్టడానికీ వదిలించడానికీ దీన్ని మించిన ఉపాయం నేను చూడలేదు.

ఆ తరువాత రెండు నెలలు ఆయన నన్ను పెద్ద రైఫిల్ ముట్టుకోనివ్వలేదు. తన్ను అసలే తెలియని .22 రైఫిల్‌తో వందల సార్లు కాల్పించి, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కుతూ పోవాలనీ, ఎప్పుడు పేలిందో మనకే ఆశ్చర్యంగా ఉండాలనీ నేర్పాడు. మళ్ళీ .375 చేతికిచ్చాక రోజుకు పది తూటాలకు మించనివ్వలేదు. నొప్పి ఓర్చుకుంటూ ఇరవై, ముప్పై కాల్చడం పౌరుషమని అనుకునేవారు అక్కడా ఉన్నారు. అలా కాల్చిన ప్రతి తూటా శరీరానికి ఉలికిపాటునే నేర్పుతుంది. చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దాటుతుంది, 140 దగ్గరే చెవికి శాశ్వతమైన హాని మొదలవుతుంది. చెవిలో పెట్టుకునే బిరడాలు, వాటి మీద చెవులను కప్పే మఫ్‌లు, రెండూ కలిపి పెట్టుకున్న రోజున అదే రైఫిల్ నాకు సగమే తన్నినట్టు అనిపించింది. మనం తన్నుకు భయపడుతున్నామని అనుకునే చోట చాలావరకు మోతకే భయపడుతుంటాం.

ఇక నిలబడే తీరు. రైఫిల్ బట్‌ను, అంటే భుజానికి ఆనే వెనక చివరను, భుజం కీలు మీదో, మెడ కింది కాలర్ బోన్ మీదో కాక, ఆ రెండింటి మధ్య ఛాతీ కండ కాస్త గుంటపడే చోట ఆనించి, గట్టిగా లోపలికి లాక్కోవాలి. బట్‌కూ భుజానికీ మధ్య ఖాళీ ఉంటే రైఫిల్ ఆ ఖాళీలో వేగం పుంజుకుని వచ్చి గుద్దుతుంది. ఖాళీ లేకపోతే ఆ గుద్దు తోపుగా మారుతుంది. ఎడమ కాలు కొంచెం ముందుకు వేసి, బరువు ముందుకు ఆన్చి నిలబడితే, నడుము నుంచి పైభాగం గాలికి ఊగిన కొమ్మలా వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తుంది. పెద్ద రైఫిల్‌ను నేల మీద బోర్లా పడుకుని కాల్చకూడదని చెప్పేది ఇందుకే. పడుకున్నప్పుడు శరీరానికి వెనక్కి ఊగే వీలుండదు, దెబ్బంతా కాలర్ బోన్ మీదే పడుతుంది. బల్ల ముందు కూర్చుని కాల్చినా కొంతవరకు అదే కష్టం. గురి సరిచూసుకోవడానికి మూడు నాలుగు తూటాలు బల్ల మీద కాల్చి, మిగతా సాధనంతా మూడు కర్రల ఊత మీద నిలబడి చేయడం మంచిది. ఆఫ్రికాలో వేట కూడా ఎక్కువగా ఆ కర్రల మీది నుంచే జరుగుతుంది.

స్కోప్‌కూ కంటికీ మధ్య తొమ్మిది, పది సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఆ దూరం చాలకపోతే స్కోప్ అంచు కనుబొమ్మను అర్ధచంద్రాకారంగా చీలుస్తుంది.

బట్ చివర మెత్తని రబ్బరు పట్టీ వేయించుకోవడం, స్టాక్ (రైఫిల్‌ను పట్టుకుని భుజానికి ఆనించే వెనక భాగం) పొడవును మన చేయి పొడవుకు తగినట్టు కోయించుకోవడం తప్పక చేయవలసిన పనులు. గొట్టం కొనకు బిగించే మజిల్ బ్రేక్ విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. అది వాయువులను పక్కలకు మళ్ళించి తన్నును బాగా తగ్గించే మాట నిజమే. కానీ ఆ మోతంతా పక్కన నిలబడిన వారి చెవుల మీద పడుతుంది. వేటలో పక్కన ఉండేది జాడలు పట్టే ట్రాకర్. అతని చెవిలో బిరడాలు ఉండవు, ఎందుకంటే అతని జీవనోపాధే వినికిడి. మన భుజం సుఖం కోసం అతని చెవులను పాడుచేయడం న్యాయం కాదు. మజిల్ బ్రేక్ లేనిదే ఒక రైఫిల్‌ను కాల్చలేని మనిషి అంతకన్నా చిన్న రైఫిల్ తీసుకోవాలి.

చిన్న రైఫిల్ అంటే చిన్నతనం కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో తూర్పు, మధ్య ఆఫ్రికాలలో తిరిగిన కరమోజో బెల్ అనే స్కాట్లాండ్ వేటగాడు వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, అందులో ఎక్కువ భాగం .275 రైఫిల్‌తోనే. అది జింకల వేటకు వాడే తూటా. ఆ సంఖ్య చదివితే ఈనాడు మనసు కలుక్కుమంటుంది. ఈనాటి నియమాల ప్రకారం ఆ తూటాతో ఏనుగు మీద కాల్చనివ్వరు కూడా. అయినా అతను ఏనుగు తలను కోయించి మెదడు ఎక్కడ ఉంటుందో పరిశీలించాడు, ఉలికిపాటు కలిగించని రైఫిల్‌తో అక్కడే కొట్టాడు. గురి తప్పిన పెద్ద బుల్లెట్ కన్నా చోటెరిగి తగిలిన చిన్న బుల్లెట్ మేలన్నది అతని అనుభవం. ఉలికిపాటుతో కాల్చిన .458 బుల్లెట్ దున్న కడుపులో తగిలితే, ఆ జంతువు గంటల తరబడి యాతన పడుతుంది. దాన్ని వెతుక్కుంటూ దట్టమైన పొదల్లోకి మొదట అడుగు పెట్టవలసింది ఆ ట్రాకరే.

అందుకే మా శిక్షకుడు చివరి నెలంతా రెండో తూటా మీదే సాధన చేయించాడు. తన్ను తగలగానే చాలామంది రైఫిల్‌ను భుజం మీంచి దించేసి, ఏమైందో చూడటానికి తల ఎత్తుతారు. అలా కాకుండా, గొట్టం పైకి లేచి కిందికి దిగే ఆ ఊపులోనే, బట్ భుజాన్ని వదలకుండా, చెంప స్టాక్‌కు ఆనించే ఉంచి, బోల్ట్‌ను (ఖాళీ తూటాను తీసి కొత్తది ఎక్కించే పిడిని) వెనక్కి లాగి ముందుకు తోయాలి. గొట్టం మళ్ళీ గురి మీదికి వచ్చేసరికి రెండో తూటా సిద్ధంగా ఉండాలి. నాకు మొదట్లో దీనికి అయిదు సెకన్లు పట్టేది. ఆఖరి రోజున రెండు సెకన్లలో వచ్చింది. ఆ రెండు గుళ్ళూ కాగితం మీద అరచేతి వెడల్పులో పడ్డాయి.