పాదాలు విరిచి చూస్తే

అందరికీ నమస్కారం. పరిశోధనలో కవిత్వం అనగానే, రిపోర్టంతా రాసేశాక పైన కాస్త రంగులద్దడం అనుకుంటారు చాలామంది. ఆ అద్దకం సంగతి వేరేవాళ్లు చెప్తారు. పని సగంలో ఉండగా, ఇంకా ఏదీ తేలకముందే కవిత రాస్తే ఏమవుతుందో నేను చెప్తాను.

మంచం పట్టిన తల్లిని చూసుకుంటున్న ఒకావిడని ఇంటర్వ్యూ చేశామనుకోండి. ఆవిడ అంటుంది, "బానే ఉందండి, అంటే, రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేవాలి, బానే ఉంది, నిద్ర ఒక్కటే లేదు, మిగతాదంతా బానే ఉంది." మనం పక్కన 'నిద్రలేమి' అని కోడ్, అంటే ఆ మాటల సారాంశానికో చిన్న పేరు, రాసి, కోడ్‌ల టేబుల్లో టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం. అవే మాటల్ని, మన ముక్క ఒక్కటీ కలపకుండా, కవిత పాదాలుగా విరవండి:

బానే ఉందండి
అంటే
రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేవాలి
బానే ఉంది
నిద్ర ఒక్కటే లేదు
మిగతాదంతా
బానే ఉంది

టేబుల్లో చోటు దొరకని మాట ఇక్కడ మూడుసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ దాని మీద మన నమ్మకం తగ్గింది. ఎవరు వింటారని ఆవిడ అలా అంటోంది, పక్కగదిలో ఉన్న తల్లా? ఈసారి వెళ్లినప్పుడు అడగాల్సిన ప్రశ్న దొరికింది కదా, నాకు కావాల్సింది అదే.

1992లో లారెల్ రిచర్డ్‌సన్ అనే సామాజిక శాస్త్రవేత్త, పెళ్లికాని ఒక తల్లి ఇంటర్వ్యూని, 36 పేజీలుంటే, మూడు పేజీల కవితగా మలిచి అచ్చువేశారు, మాటలన్నీ ఆ తల్లివే. మిగతా పేజీలు వదిలేయడం పక్షపాతం కాదా అంటారు. నిజమే, కానీ టేబుల్ కూడా వదిలేస్తుంది, చెప్పకుండా వదిలేస్తుంది.

అలాగని కళ చేత పడితే సత్యం దొరికినట్టేమీ కాదు. కణాలు కనిపించేలా రంగు పట్టించే పద్ధతిని ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ కనిపెట్టాడు, దాన్నే వాడి స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ కూడా మెదడు కణజాలాన్ని చూశాడు, ఇద్దరూ బొమ్మలు వేశారు. గోల్జీకి అదంతా ఒకే వల, కహాల్‌కి విడివిడి కణాలు. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపే ఇచ్చారు, తర్వాత నిలబడింది మాత్రం కహాల్ మాట. అయినా బొమ్మ వేసేవాడు గీత ఇక్కడ ఆగుతుందా, పక్కదాన్ని తాకుతుందా అన్నది తేల్చుకోక తప్పదు, వాక్యంలో అయితే గోడ మీద పిల్లిలా ఉండిపోవచ్చు.

విషయాన్ని పదిమందికీ చేర్చడంలో పద్యం పాత చుట్టమే, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లోకి దించాడు.

ఇక చేసేవాళ్లకి రెండు మాటలు. కవితని ఆ మాటలు చెప్పిన మనిషికి చదివి వినిపించండి, "నేనలా అనలేదు" అంటే మార్చండి, వద్దంటే ఆపేయండి. ఏ వాక్యాలు ఎందుకు తీసేశారో పద్ధతుల అధ్యాయంలో రాయండి, లేకపోతే పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్నకే నీళ్లు నమలాల్సి వస్తుంది.